సెల్ షేడింగ్: నీడ వేయగానే బొమ్మ మొహం మసిబారుతోంది, ఎందుకు?

వోణీ_గీతలు
గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. యానిమే (జపాన్ కార్టూన్) స్టైల్లో లంగావోణీ వేసుకున్న అమ్మాయి బొమ్మ వేస్తున్నా. లైన్ ఆర్ట్, అంటే గీతల బొమ్మ, బాగా కుదిరింది. ఫ్లాట్ కలర్స్ (నీడల్లేని చదును రంగులు) వేసేదాకా చూసినవాళ్లందరూ బాగుందన్నారు. సెల్ షేడింగ్, అంటే తెగ్గోసినట్టు అంచుతో నీడలు, మొదలుపెట్టగానే మొహానికి మసి పూసినట్టు అయిపోతోంది. వీడియోల్లో చెప్పినట్టే చేస్తున్నా: పైన కొత్త లేయర్ (పారదర్శకమైన పొర), మల్టిప్లై మోడ్ (కింది రంగుని ముదురు చేసేది), లేత లావెండర్ రంగు. వాళ్ల బొమ్మ మెరిసిపోతుంది, నాది బూడిద రంగుకి తిరుగుతోంది. చిన్న టాబ్లెట్, క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడుతున్నా. కాలేజీ ఫెస్ట్‌కి పోస్టర్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. అసలు తేడా ఎక్కడొస్తోంది?

అరండల్‌పేట_ఆర్ట్
బ్రష్ మార్చి చూడు. ఎయిర్‌బ్రష్‌తో మెత్తగా వేస్తే మసి అంతగా కనబడదు.

రెండు_రంగులు
ఎయిర్‌బ్రష్ పెడితే ఇక అది సెల్ షేడింగ్ కాదు తమ్ముడూ. ఈ స్టైల్‌కి ప్రాణమే ఆ పదునైన అంచు.

అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. సెల్ అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. 1914లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ ఈ పద్ధతికి పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టాడు. షీటుకి ముందువైపు గీత, వెనకవైపు రంగు. ఒక్క సన్నివేశానికే బోలెడు షీట్లు. వాటన్నింటి మీదా రంగులు కలిపి నున్నగా దిద్దుతూ కూర్చుంటే సినిమా పూర్తయ్యేది కాదు. అందుకని ఒక అసలు రంగు, పక్కన దాని నీడ రంగు, రెండింటి మధ్య తెగ్గోసినట్టు అంచు. జపాన్ యానిమేటర్లు ఆ నీడ అంచుని బొమ్మ గీసేటప్పుడే కలర్ పెన్సిల్‌తో గుర్తు పెట్టేవారు. రంగులు వేసేవాళ్లు ఆ గీత లోపల నింపేవారు, అంతే. అంటే నీడ ఎక్కడ ఆగాలన్నది డ్రాయింగ్ దగ్గరే తేలిపోయేది, రంగుల దాకా వచ్చేది కాదు.

షీట్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, అలవాటు మాత్రం మిగిలింది. జపాన్ టీవీలో సజాయె-సాన్ అనే కార్టూన్ సీరియల్ ఒక్కటి 2013 దాకా చేతి సెల్స్ మీదే నడిచింది.

అరండల్‌పేట_ఆర్ట్
ఇప్పటి యానిమేలో బుగ్గల మీద, జుట్టు కొసల్లో గ్రేడియంట్ (మెల్లగా కరిగే రంగు) ఉంటుంది కదా అన్నా? అది తప్పంటారా?

రెండు_రంగులు
తప్పని ఎందుకంటాను? అది చివర్లో అద్దే పూత. కింద గట్టి అంచు సరిగ్గా ఉంటేనే అందమిస్తుంది. అంచు లేకుండా గ్రేడియంట్ మాత్రమే ఉంటే మొహం ఉబ్బినట్టు కనిపిస్తుంది.

బెజవాడ_ఇంకు
మిగతావి తర్వాత. చర్మం రంగు, లావెండర్ రంగు నంబర్లు పెట్టమ్మా. కలర్ పికర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు ఉంటాయి చూడు.

వోణీ_గీతలు
చర్మం 191, 137, 98. లావెండర్ 180, 170, 215. మా ఇళ్లలో అమ్మాయిల్లాగే చామనఛాయ పెట్టాను. తెల్లగా వేయడం నాకు ఇష్టం లేదు.

బెజవాడ_ఇంకు
చామనఛాయే ఉంచు, మార్చొద్దు. తేడా అంతా ఆ లావెండర్‌లో ఉంది. లెక్క వేసి చూపిస్తాను, ఒకసారి అర్థమైతే ఇంకెప్పుడూ మర్చిపోవు.

మల్టిప్లై అంటే రెండు రంగుల అంకెల్ని గుణించి 255తో భాగించడం. నీ చర్మం మీద నీ లావెండర్ వేస్తే వచ్చేది సుమారు 135, 91, 83. అసలు చర్మంలో సాచురేషన్, అంటే రంగు చిక్కదనం, 49 శాతం దాకా ఉంది, నీడలో 39కి పడిపోయింది. చీకటి పెరిగింది, రంగు తగ్గింది. చీకటిగా ఉండి రంగు చచ్చిపోతే కంటికి అది మసిలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు వీడియోల్లో వాళ్లు వాడే తెల్లటి చర్మం తీసుకో, 255, 224, 200 అనుకుందాం. దాని మీద అదే లావెండర్ వేస్తే 180, 149, 169 వస్తుంది. లేత గులాబీ కలిసిన ఊదా. చూడ్డానికి బాగుంటుంది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ల బొమ్మ చర్మానికి అది కుదురుతుంది. నీ బొమ్మకి కుదరదు.

లావెండర్ తీసేసి 225, 165, 150 పెట్టి చూడు, కొంచెం పీచ్ రంగులా ఉంటుంది. లెక్క ప్రకారం నీడ 169, 89, 58 దగ్గరకొస్తుంది. సాచురేషన్ 66 శాతం. హ్యూ (రంగుల చక్రం మీద స్థానం) కూడా 25 డిగ్రీల నుంచి 17కి, అంటే ఎరుపు వైపు జరుగుతుంది. చర్మం లోపల రక్తం ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకా ముదురు కావాలంటే మూడు అంకెలూ కొంచెం తగ్గించు, కానీ నీలం అంకెని ఎప్పుడూ అన్నిటికన్నా తక్కువే ఉంచు.

మల్లెమొగ్గ
ఈ పోస్ట్‌ని పైన పిన్ చేయండి ఎవరైనా. యానిమే కలరింగ్ నేర్పేవాళ్లలో చామనఛాయకి ఏం చేయాలో చెప్పేవాళ్లు చాలా తక్కువ. మా చెల్లి ఇదే మసి చూసి విసుగొచ్చి, బొమ్మలన్నిటికీ తెల్ల చర్మమే వేసే అలవాటు చేసుకుంది. నాకు అది చాలా బాధగా ఉండేది. ఈ లెక్క దానికి ఇప్పుడే పంపాను.

వోణీ_గీతలు
ఇప్పుడే మార్చి చూశా. మసి పోయింది!! మెడ దగ్గర మాత్రం కొంచెం ఇటుక రంగు ఎక్కువైనట్టుంది.

బెజవాడ_ఇంకు
ఆ లేయర్ ఒపాసిటీ (ఎంత దట్టంగా కనిపించాలో) 80 శాతానికి దించు. మెడ నీడ పెద్దది కాబట్టి అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

పటమట_పిక్సెల్
నేను ఒప్పుకోను. అసలు మల్టిప్లై జోలికే పోకూడదని నా అభిప్రాయం. చర్మానికి ఒక నీడ రంగు, వోణీకి ఒకటి, లంగాకి ఒకటి, జుట్టుకి ఒకటి, అన్నీ చేత్తో ఏరుకోవాలి. ఒకే రంగు లేయర్ బొమ్మంతా కప్పితే అన్నిటికీ ఒకే మురికి పడుతుంది.

బెజవాడలో ఒక కోర్సుకి ఫీజు కట్టి వెళ్లాను. పేరు చెప్పను. అక్కడ నేర్పిందల్లా "కొత్త లేయర్, మల్టిప్లై, అయిపోయింది" అని. నీడ రంగు ఎలా ఏరుకోవాలి అని అడిగితే వీడియో లింకు ఇచ్చారు. కట్టిన డబ్బుకి జవాబు రాలేదని ఇప్పటికీ కోపమే.

బెజవాడ_ఇంకు
పని తొందరగా కావాల్సినప్పుడు మల్టిప్లై బతికిస్తుంది. నేను కమిషన్ బొమ్మలు, అంటే అడిగినవాళ్లకి డబ్బు తీసుకుని, వేస్తాను. ఒక్కో బొమ్మలో ఇరవై రంగులుంటే ఇరవై నీడలు ఏరుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మల్టిప్లైతో మొదలుపెట్టి, చర్మం, వోణీ వరకు విడిగా దిద్దుతాను. కానీ నేర్చుకునే దశలో పటమట చెప్పిన పద్ధతే మేలు, అందులో సందేహం లేదు. చేత్తో ఏరితేనే కన్ను తయారవుతుంది.

రెండు_రంగులు
స్టూడియోల్లో దానికి ప్రత్యేకంగా మనిషే ఉంటారు. ప్రతి పాత్రకీ పగటి రంగు, పగటి నీడ, రాత్రి రంగు, రాత్రి నీడ అని పట్టిక తయారుచేస్తారు. జపాన్‌లోని జిబ్లీ అనే యానిమే స్టూడియోలో మిచియో యసుదా దశాబ్దాల పాటు ఆ పని చేశారు, 2016లో పోయారు. మనం తెర మీద చూసి మెచ్చుకునే రంగుల్లో ఆవిడ చెయ్యి ఎంత ఉందో చాలామందికి తెలియదు.

ఇంకో సంగతి. పాత సెల్స్ పూర్తిగా గాజులా ఉండేవి కావు. నాలుగైదు షీట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందున్న రంగు కాస్త మసకబారేది. అందుకని కింది షీటుకి ఒక రంగు డబ్బా, పై షీటుకి అదే రంగు కాస్త మార్చిన ఇంకో డబ్బా వాడాల్సి వచ్చేది. అంత జాగ్రత్తగా రంగులు ఏరేవాళ్లు.

పాత_చందమామ
మా తరానికి యానిమే తెలియదు కానీ ఈ రెండు దారుల గొడవ తెలుసు. వడ్డాది పాపయ్య గారి బొమ్మ చూడండి, రంగు రంగులోకి కరిగిపోతుంది, అంచు ఎక్కడుందో వెతుక్కోవాలి. బాపు గారి బొమ్మ చూడండి, గీతే అంతా చెప్పేస్తుంది, రంగు ఆ గీతకి లోబడి ఒక్క పొరగా కూర్చుంటుంది. ఈ అమ్మాయి చేస్తున్నది రెండో దారి. అందులో మెత్తటి నీడ తెచ్చి పెడితే గీతకీ రంగుకీ పడదు. నా మాట ఏంటంటే, నీడని కూడా గీతలాగే గీయమ్మా. సన్న బ్రష్‌తో ముందు నీడ సరిహద్దు గీసి, ఆ తర్వాత నింపు.

క్రిటా_పక్షి
పెద్దాయన చెప్పింది అక్షరాలా చేయండి, క్రిటాలో చాలా తేలిక. కొత్త లేయర్ మీద నీడ సరిహద్దుని మూసిన ఆకారంగా గీసి, ఫిల్ టూల్‌తో ఒక్క నొక్కు. లేదంటే లాసో సెలెక్షన్ (చేత్తో చుట్టి ఎంచుకోవడం) చేసి నింపండి.

వోణీ_గీతలు, క్రిటా వాడుతున్నావు కాబట్టి రెండు విషయాలు చూసుకో. ఒకటి, నీడని కింది రంగు దాటనివ్వని ఇన్‌హెరిట్ ఆల్ఫా గుర్తు నొక్కితే సరిపోదు. చర్మం లేయర్‌నీ దాని నీడ లేయర్‌నీ కలిపి ఒక గ్రూపులో పెట్టాలి. గ్రూపు లేకపోతే కిందున్న లేయర్లన్నిటికీ కలిపి క్లిప్ అవుతుంది, అంటే వాటన్నిటి హద్దు దాకా నీడ పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ నిండా రంగుంటే నీడ బొమ్మ దాటి గోడ మీదికి పోతుంది. రెండోది, ఫ్లాట్స్ వేసేటప్పుడు ఫిల్ టూల్‌లో గ్రో అనే చోట 2 పిక్సెళ్లు పెట్టు. అప్పుడు రంగు లైన్ కిందికి దూరుతుంది, గీత పక్కన తెల్ల చారలు రావు.

వోణీ_గీతలు
గోడ మీదికి నీడ పోవడం నాకు రోజూ జరుగుతోంది! ఎరేజర్‌తో తుడుచుకుంటూ కూర్చుంటున్నా. గ్రూపు చేస్తే చాలా?

క్రిటా_పక్షి
చాలు. కంట్రోల్, షిఫ్ట్, జీ కలిపి నొక్కితే క్లిపింగ్ గ్రూపు దానంతట అదే తయారవుతుంది.

అరండల్‌పేట_ఆర్ట్
నాకు ఫోను, ఐబిస్ పెయింట్ యాప్ తప్ప ఏమీ లేవు. అందులో క్లిపింగ్ ఒక్క బటనే. టాబ్లెట్ లేనివాళ్లు భయపడక్కర్లేదు అని చెప్పడానికి రాస్తున్నా. ఎయిర్‌బ్రష్ మాట వెనక్కి తీసుకోను, బుగ్గలకి కావాలి :)

రెండు_రంగులు
బుగ్గలు నీకే వదిలేశాం.

పటమట_పిక్సెల్
రంగు సంగతి తేలింది, ఆకారం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. వోణీ_గీతలు, నీ బొమ్మ చూశాను. వెలుగు ఎటు నుంచి వస్తోంది? ముక్కుకి కుడివైపు నీడ ఉంది, మెడకి ఎడమవైపు ఉంది, జడకి రెండు వైపులా ఉంది.

వోణీ_గీతలు
ఎక్కడ బాగుంటే అక్కడ వేశాను. కంటికి మంచిగా అనిపించింది.

రెండు_రంగులు
నీడలో రెండు రకాలున్నాయి, ముందు వాటిని విడదీసుకో. బుగ్గ గుండ్రంగా వెనక్కి తిరిగేచోట వెలుగు అందదు, అది ఒక నీడ. గడ్డం అడ్డుపడి మెడ మీద పడేది ఇంకో నీడ. రెండోదాని ఆకారం గడ్డాన్ని బట్టి ఉంటుంది, కానీ అది మెడ మీద పాకుతుంది కాబట్టి మెడ గుండ్రం ప్రకారం వంగుతుంది. చాలామంది అక్కడ నేరుగా అడ్డగీత కొట్టేస్తారు, మెడ అట్టముక్కలా కనిపిస్తుంది. కొంచెం కిందికి వంచిన గీత గీస్తే మెడ గుండ్రమైపోతుంది. నుదుటి మీద ముంగురుల నీడ కూడా ఇదే జాతి. వెంట్రుకల ఆకారాన్నే తీసుకుని, వెలుగుకి ఎదురువైపు కొద్దిగా జరిపి పెట్టు.

ముక్కు దగ్గర తగ్గించు. యానిమే మొహంలో ముక్కు నీడ చిన్న త్రికోణం, అంతే. ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

పాత_చందమామ
ఇంట్లో కొండపల్లి బొమ్మ ఉందా? తెల్ల పొణికి చెక్కతో చేసి, ఒక్కో భాగానికి ఒక్కో రంగు చదునుగా పూసి ఉంటుంది. అంటే నీ ఫ్లాట్ కలర్ బొమ్మే, చేతికందేలా ఉంది. రాత్రి లైట్లు ఆపి, ఫోను టార్చి ఒక వైపు నుంచి వేసి చూడు. చెయ్యి కింద నీడ, తలపాగా కింద నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో కాగితం మీద గీసుకో. టార్చి పైకి కిందికి జరుపుతూ మళ్లీ గీయి. మనవరాలికి ఇలాగే నేర్పుతున్నాను, దాని చెయ్యి బాగా తిరిగింది.

పటమట_పిక్సెల్
బాబాయిగారూ, ఇది అద్భుతం. దానికి ఒక మాట కలుపుతాను. ఆ టార్చి వెలుగులో ఫోటో తీసి త్రెషోల్డ్ ఫిల్టర్ పెట్టండి, క్రిటాలో ఉంది. బొమ్మ మొత్తం నలుపు, తెలుపు రెండు ముక్కలవుతుంది. ఆ నల్ల ముక్కల అంచే మీ సెల్ షేడింగ్ గీత. స్లైడర్ జరిపితే నీడ పెరగడం, తగ్గడం కళ్లముందే కనిపిస్తుంది.

మల్లెమొగ్గ
వెలుగు ఏ వేళదో కూడా అనుకోవాలి కదా? మన గుంటూరు మే నెల మధ్యాహ్నం అయితే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. కళ్ల గుంటలు, ముక్కు కింద, గడ్డం కింద మాత్రమే నీడ, అదీ చిక్కగా. అదే సాయంత్రం బ్యారేజీ మీద నిలబడితే వెలుగు పక్క నుంచి వస్తుంది, సగం మొహం నీడలో ఉంటుంది. ఫెస్ట్ పోస్టర్‌కి సాయంత్రమే అందంగా ఉంటుందని నాకనిపిస్తోంది.

బెజవాడ_ఇంకు
సాయంత్రం పెడితే నీడ రంగులు కూడా మారతాయి, గుర్తుంచుకో. వెలుగు పసుపు, నారింజ వైపు వెళితే తెల్ల వస్తువుల నీడ నీలం వైపు పోతుంది. తెల్ల పూలకి, తెల్ల జాకెట్టుకి మాత్రం నీ పాత లావెండర్ పనికొస్తుంది, పారేయకు.

వోణీ_గీతలు
సాయంత్రమే పెడతా, ఎడమ పక్క నుంచి వెలుగు. ఇంకో మూడు చోట్ల ఆగిపోయాను: మల్లెపూలు, జరీ అంచు, పల్చటి వోణీ. ప్రతి పువ్వుకీ విడిగా నీడ వేస్తే గందరగోళంగా ఉంది.

మల్లెమొగ్గ
పూలు నాకు వదిలేయండి! ప్రతి పువ్వుకీ నీడ వేయొద్దు. దండ మొత్తాన్ని ఒక్క లావు తాడు అనుకో. వెలుగు తగలని సగానికి ఒక్కటే నీడ ఆకారం, దాని అంచు మాత్రం పూరేకుల్లా గతుకుగా ఉండాలి. వెలుగు వైపున్న పూలలో కొన్నింటికే రేకుల గీతలు గీయి, నీడ వైపు గీతలు మానేయి. కళ్లు మిగతావి తామే ఊహించుకుంటాయి.

పటమట_పిక్సెల్
జరీకి రెండు రంగులు చాలవు, నాలుగు కావాలి. ముదురు గోధుమ, మధ్యస్థ పసుపు, లేత పసుపు, దాదాపు తెలుపు. లోహంలా మెరిసే దేనికైనా ముదురు రంగు పక్కనే నేరుగా లేత రంగు రావాలి, వరసగా మెల్లగా లేతబడకూడదు. మడత తిరిగిన చోటల్లా ఆ తెలుపు ముక్క వచ్చి వెంటనే ఆగిపోవాలి. అంచు పొడవునా ఒకేలా తెల్ల గీత లాగేస్తే రిబ్బన్‌లా ఉంటుంది.

పల్చటి వోణీకి: ఒక్క పొర ఉన్నచోట కింది జాకెట్టు రంగు కనిపించనివ్వు, మడతలు పడి రెండు మూడు పొరలైనచోట వోణీ అసలు రంగు నిండుగా ఉంచు. అక్కడ నీడ కన్నా పొరలే పని చేస్తాయి.

వోణీ_గీతలు
జుట్టు కూడా చెప్పండి. నల్ల జుట్టుకి నీడ కనబడటం లేదు.

బెజవాడ_ఇంకు
పూర్తి నలుపు పెడితే నీడకి చోటెక్కడ? 38, 34, 48 లాంటిది అసలు రంగుగా పెట్టు. నీడకి 24, 20, 34. తల చుట్టూ వంపుగా మెరుపు పట్టీ 92, 96, 130. ఆ పట్టీ కింది అంచు వెంట్రుకల దిశలో కోసుకుపోవాలి. లైన్ ఆర్ట్ లేయర్ ఆల్ఫా లాక్ (గీసిన చోటే రంగు పడేలా) చేసి, జుట్టు లోపలి గీతలకి కూడా కాస్త నీలం ఇవ్వు.

బ్లెండర్_బాబాయ్
ఆలస్యంగా చూశాను. త్రీడీలో చేసేవాళ్లకి: బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఈవీ రెండర్ పెట్టి, షేడర్ టు ఆర్‌జీబీ నోడ్, ఆపైన కలర్ ర్యాంప్ కాన్‌స్టంట్‌కి మారిస్తే ఇదే గట్టి అంచు వస్తుంది. మొహం మీద మాత్రం నీడ వికారంగా ముక్కలవుతుంది. 2014లో వచ్చిన గిల్టీ గియర్ గేమ్ బృందం అందుకే మొహం నార్మల్స్‌ని (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిశల్ని) చేత్తో సర్దుకున్నారు. యంత్రానికి వదిలేసినా చివరికి నీడ ఆకారం మనిషే తేల్చాలి.

రెండు_రంగులు
అదే నేను మొదటి నుంచీ అంటున్నది.

వోణీ_గీతలు
కొత్త వెర్షన్ పెట్టాను చూడండి. ఎడమ వెలుగు, మెడకి వంపు నీడ, పూలకి ఒకే ఆకారం. అమ్మ చూసి "మన పిన్నిలా ఉందే" అంది.

పటమట_పిక్సెల్
చాలా బాగుంది. భుజం మీద జడ పడ్డచోట జాకెట్టు మీద జడ నీడ లేదు. అది వేస్తే జడ గాల్లో తేలడం ఆగుతుంది.

అరండల్‌పేట_ఆర్ట్
బుగ్గల్లో గ్రేడియంట్ కనిపిస్తోంది నాకు. గెలిచాం!

బెజవాడ_ఇంకు
ప్రింట్ దగ్గర జాగ్రత్త. తెర మీద ఉన్న రంగులన్నీ సిరాలో రావు, ముఖ్యంగా మెరిసే గులాబీ, ఊదా. ఒక షాపులో నా పోస్టర్‌లో అసలు రంగు, నీడ రంగు రెండూ దాదాపు ఒకటైపోయి వచ్చాయి. డబ్బు తిరిగివ్వమంటే ఫైలే అంతని వాదించారు. ఏ3 సైజు అయితే ఫైల్ 3508, 4961 పిక్సెళ్లు ఉండాలి, అంటే 300 డీపీఐ, అంగుళానికి 300 చుక్కలు. ముందు మొహం, వోణీ ఉన్న ముక్క ఒక్కటి చిన్న కాగితం మీద తీయించుకో. చర్మం నీడ విడిగా కనబడకపోతే ఇంకొంచెం ముదురు చేసి, అప్పుడు మొత్తం ఇవ్వు.

వోణీ_గీతలు
జడ నీడ వేసేశా. ముక్క ప్రింట్ రేపు పొద్దున బ్రాడీపేటలో తీయిస్తాను, ఫోటో ఇక్కడే పెడతా.

బెజవాడ_ఇంకు
ఫోటో ట్యూబ్‌లైట్ కింద తీయకు. బయట నీడపట్టున తీయి, రంగు సరిగ్గా తెలుస్తుంది.